ఇస్సాకు మీద చెప్పిన వాక్యం

జనవరి 26, ఆదివారం

మా అమ్మాయి నిహారిక పాత కెమిస్ట్రీ నోట్సులో వెనక సగం ఖాళీగా ఉంది. అందులో రాస్తున్నాను. ఎవరికీ చూపించడానికి కాదు.

ఇస్సాకును మట్టిలో పెట్టి ఎనిమిది రోజులైంది. ఈ ఎనిమిది రోజుల్లో నేను ఏడ్చింది తక్కువ, పళ్ళు నూరింది ఎక్కువ.

ఆ రోజు పాస్టరు రత్నపాల్ పెట్టె పక్కన నిలబడి అన్న మాటలు ఒక్కటి కూడా పోకుండా రాసిపెట్టుకోవాలి. "ఈ సహోదరుణ్ణి చూడండి. తాగుడు ఒక మనిషిని తీసుకొచ్చి ఎక్కడ పడుకోబెడుతుందో చూడండి. యౌవనస్తులారా, ఇవాళ మీకు వాక్యం చెప్పేది నేను కాదు, ఈ పెట్టె." మైకులో అన్నాడు. సిమెంటు ఫ్యాక్టరీ రోడ్డు దాకా వినపడేట్టు అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నా కూతురు తండ్రి పెట్టె మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. ఆ మాటకు చెయ్యి తీసేసింది. పదిహేడేళ్ళ పిల్ల.

ఇస్సాకు ఎనిమిది నెలలు చుక్క ముట్టలేదు. లారీ రోడ్డు దిగి బోల్తా పడిందంటే తాగుడేనా? ఎదురుగా వచ్చేవాడు రాంగ్‌లో రాకూడదా? కునుకు పట్టకూడదా? నన్ను ఒక్క మాట అడిగాడా?

ఊళ్ళో అందరూ ఆయన్ని అయ్యగారు అంటారు. ఈ పుస్తకంలో నేను అనను.

నేను చర్చి మానేస్తానని అందరూ అనుకుంటున్నారు. మానను. ఆడవాళ్ళ వైపు మొదటి చాప మీదే కూర్చుంటాను. వాడు చెప్పే ప్రతి మాటా రాసుకుంటాను. మనిషన్నాక ఎక్కడో జారతాడు. జారిన రోజు నేను అక్కడ ఉండాలి.

ఫిబ్రవరి 2, ఆదివారం

రాసుకున్నవి: రాజుల పేర్లు రెండు తారుమారు చేశాడు. పోయిన నెల ఉపవాసం గురించి ఒకటి చెప్పి ఇవాళ ఇంకోటి చెప్పాడు. "తగ్గించుకోవాలి" అని పదకొండుసార్లు అన్నాడు, లెక్కపెట్టాను. కొత్త షర్టు.

అయిపోయాక నా వైపు చెయ్యి చూపించి, "వాక్యం ఎట్టా వినాలో ఏస్తేరమ్మను చూసి నేర్చుకోండి. దుఃఖంలో కూడా పెన్ను వదల్లేదు" అన్నాడు.

నవ్వు ఆపుకోలేక ముసుగు ముందుకు లాక్కున్నాను. పక్కింటి కొండమ్మ ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది.

ఫిబ్రవరి 5

షఫీక్ వచ్చాడు. ఇస్సాకు లారీకి మెకానిక్కు, ఇరవయ్యేళ్ళ స్నేహితుడు. గేటు దగ్గరే నిలబెట్టాను. నిహారిక ఇంట్లో ఉంది.

"అక్కా, ఒక్క మాట మాట్లాడిపోతా."

"ఏం మాటలొద్దు. పిల్లకి పరీక్షలున్నాయి. పో."

పోయాడు. ఇస్సాకు ఎనిమిది నెలలు ముట్టలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇవాళ వాళ్ళమ్మ గురించి చెప్పాడు. చిన్నప్పుడు తనకు జ్వరమొస్తే వాళ్ళమ్మ భుజాన వేసుకుని ఏడు మైళ్ళు నడిచిందట. దారిలో కల్వర్టు మీద కూర్చోబెట్టి, "నా ప్రాణం తీసుకుని వీడి ప్రాణం ఉంచయ్యా" అని ప్రార్థన చేసిందట. చెబుతూ చెబుతూ ఆగిపోయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రేకుల కింద ఒక్కరి కళ్ళూ పొడిగా లేవు.

నేనూ ఏడ్చాను. సిగ్గుగా ఉంది. ఆ పేజీ తడిసింది.

ఫిబ్రవరి 13, గురువారం

దొరికాడు!

మధ్యాహ్నం జాకెట్లు కుడుతూ నిహారిక ఫోనులో పాటలు పెట్టుకున్నాను. పాటలైపోయి దానంతటదే ఎవరిదో ప్రసంగం మొదలైంది. ఎక్కడో సిటీలో పెద్ద చర్చి, తెల్ల కోటు వేసుకున్న ఆయన. నేను వినట్లేదు. ఉన్నట్టుండి "ఏడు మైళ్ళు" అని వినపడింది. మిషను ఆపాను.

అదే జ్వరం. అదే కల్వర్టు. "నా ప్రాణం తీసుకుని వీడి ప్రాణం ఉంచయ్యా." ఆ తెల్లకోటాయన కూడా అక్కడే ఆగి కళ్ళజోడు తీశాడు. వీడియో మూడేళ్ళ నాటిది.

నాలుగుసార్లు చూశాను. ఇస్సాకు పోయాక కడుపునిండా అన్నం తిన్నది ఇవాళే.

ఫిబ్రవరి 20

నాలుగు దొరికాయి. నేను రాసుకున్న నోట్సు ముందు పెట్టుకుని ఫోనులో ఒక్కొక్క మాట కొట్టి వెతుకుతున్నాను. నేనంత శ్రద్ధగా రాసుకోకపోతే దొరికేవే కావు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఇవాళ్టి వాక్యం, వాక్యం ఎలా వినాలి అని. రాసుకున్నది రాసుకున్నట్టు: "బంతిలో కూర్చున్నోడు తన విస్తట్లో వేయించుకోవాలి. కొంతమంది ఉంటారు. వడ్డించేవాడు దగ్గరికి రాగానే పక్క విస్తరి చూపిస్తారు. ఆయనకి వెయ్యండి, ఆయనకి బాగా కావాలి అంటారు. చివరికి ఆకలితో ఇంటికి పోతారు. వాక్యం విని పక్కోడి మీద వేసేవాడు అట్టాంటోడు."

కొండమ్మ మోచేత్తో పొడిచి, "మా కోడలు ఇయ్యాలే రాలా, సరిగ్గా దానికోసమే చెప్పిండు" అంది.

ఇంటికొచ్చి అన్నం పెట్టుకోకముందే వెతికాను. ఇది కూడా ఉంది. విస్తరి, బంతి, ఆకలి అన్నీ ఆ తెల్లకోటాయనవే. ఎలా వినాలో చెప్పడానికి కూడా దొంగతనమే!

మార్చి 2, ఆదివారం

ఆరు.

మార్చి 9, ఆదివారం

వచ్చే ఆదివారం పదహారో తారీకు సంఘ వార్షికోత్సవం. నరసరావుపేట నుంచి పెద్దలు వస్తున్నారు. షామియానా, పెద్ద స్పీకర్లు. ఫోనుకు వైరు తగిలిస్తే చాలు, ఊరంతా వింటుంది. నా మొగుడి పరువు ఎంత దూరం పోయిందో వాడిదీ అంత దూరం పోవాలి.

కానీ ముందు వాడి భయం చూడాలి. నేనొక్కదాన్నే, దగ్గర్నుంచి.

మార్చి 13, గురువారం

వెళ్ళాను.

చర్చి వెనకే రెండు గదుల ఇల్లు. పాస్టరమ్మ సుశీల గారు వరండాలో ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. నన్ను చూసి సంతోషంగా కుర్చీ వేశారు. లోపల్నుంచి పాస్టరు వచ్చాడు. ఫోను ఆయన ముందు పెట్టి వీడియో నొక్కాను.

ఏడు మైళ్ళ తల్లి మాట్లాడుతుంటే ఆయన మొహంలో నెత్తురు దిగిపోవడం చూశాను. దానికోసమే కదా ఇన్నాళ్ళు కూర్చున్నది. బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది.

"ఎన్ని దొరికినయ్యమ్మా?" అన్నాడు.

"ఆరు."

"ఇంకా ఉన్నయ్."

సుశీల గారు తొడిమలు తీయడం ఆపేశారు.

"ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

"నా మొగుణ్ణి మైకులో అన్నారు. మైకులోనే వెనక్కి తీసుకోండి. పదహారో తారీకు, పేట పెద్దలందరి ముందు. లేకపోతే ఈ ఫోను స్పీకరుకి తగిలిస్తా."

కాళ్ళావేళ్ళా పడతాడనుకున్నాను. పడితే ఏమనాలో కూడా దారిలో అనుకుంటూ వెళ్ళాను. ఆయన లోపలికెళ్ళి ఒక నోటు పుస్తకం, పెన్ను తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఇస్సాకన్న నాకు తెలవదమ్మా. పండగలకి వెనక నిలబడేవాడు, అంతే. ఆ రోజు ఎవరో తాగి నడిపాడంట అన్నారు, నేను దాన్నే పట్టుకున్నా. ఇప్పుడు నువ్వు చెప్పు. రాసుకుంటా."

తిట్టడానికి వెళ్ళినదాన్ని, చెప్పడం మొదలుపెట్టాను. స్కూలు దగ్గర హారన్ కొట్టేవాడు కాదని. లారీ ఆపుకుని రోడ్డు పక్క స్టవ్వు మీద వండే టమాటా పప్పు నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ కుదరలేదని. అంత మనిషికీ బల్లంటే భయమని, గోడ మీద బల్లి కనపడితే నన్ను పిలిచేవాడని. పాట పాడితే నిహారిక చెవులు మూసుకునేదని, అందుకే ఇంకా గట్టిగా పాడేవాడని. ఎండ వరండా దాటిపోయింది. సుశీల గారు కారం చేతులతోనే కళ్ళు తుడుచుకుని లోపలికి పరుగెత్తారు. ఆయన రాస్తూనే ఉన్నాడు.

ఇస్సాకు పోయాక అతని గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు. మొదట అడిగినవాడు వీడు. అది నాకు నచ్చలేదు.

చివరికి తలెత్తి, "ఆ రోజు తాగాడా అమ్మా?" అన్నాడు.

"లేదు."

"మైకులో చెప్పేది గదా, అందుకని అడుగుతున్నా."

"లేదని చెప్పా గదా! ఎనిమిది నెలలు ముట్టలా."

రాసుకున్నాడు.

మార్చి 14

కొండమ్మ కోడలి జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టాను. విప్పాను. మళ్ళీ తిరగేసి కుట్టాను.

మార్చి 16, ఆదివారం

షామియానా నిండిపోయింది. పేట పెద్దలు నలుగురు వేదిక మీద. ఫోను ఛార్జింగు నిండా పెట్టుకుని వైరు బాక్సు పక్కనే కూర్చున్నాను.

ఆయన మైకు ముందుకొచ్చి బైబిలు మూసేశాడు.

"ఇయ్యాల నా దగ్గర వాక్యం లేదు. ఈ మూడేళ్ళు నేను మీకు చెప్పినవి చానా వరకు నావి కావు. ఫోనులో ఇంకొకాయన చెప్పినవి నేర్చుకుని చెప్పా. మా అమ్మ కథ కూడా. మా అమ్మ నన్ను ఏడు మైళ్ళు మొయ్యలా. నాకు ఆరేళ్ళప్పుడు ఇల్లొదిలి పోయింది. ఆ మాట మీకు చెప్పుకోలేక ఇంకొకరి అమ్మను తెచ్చుకున్నా."

నేను చెప్పమన్నది ఇది కాదు. ఇది నా చేతిలో ఉన్న రాయి. నేను విసరాల్సింది. తనంతట తనే తీసుకుని తన నెత్తిన కొట్టుకుంటే ఇంక నాకేం మిగిలింది?

తర్వాత ఇస్సాకు గురించి చెప్పాడు. హారన్, పప్పు, పాట. బల్లి దగ్గర జనం నవ్వారు. "ఆ రోజు నేను శవాన్ని అడ్డం పెట్టుకుని మీకు భయం చెప్పా. అది పాపం. నేను విచారించా. ఆ రోజు ఇస్సాకన్న తాగలేదు."

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. అందరికంటే గట్టిగా.

మార్చి 17

నిహారిక పరీక్షకు వెళ్తూ వాళ్ళ నాన్న ఫొటో స్టేటస్ పెట్టుకుంది. కింద రాసింది: మా నాన్న తాగలేదు. చర్చిలో చెప్పారు.

కొండమ్మ గిన్నెతో పాయసం తెచ్చి, "నీ మొగుడు దేవుడే ఏస్తేరూ" అంది. తినలేదు.

మార్చి 19, బుధవారం

షఫీక్ మళ్ళీ వచ్చాడు. ఈసారి నేనే గేటు తీశాను.

"అక్కా, మీ అయ్యగారి పని అయిపోయింది. హోటల్ కాడ ఆ రోజు ఇస్సాకుతో కూర్చున్న డ్రైవర్లు ఇద్దరు దానియేలు మామ ఇంటికి పోయి చెప్పారు, మా ముందే తాగాడు, మీ పాస్టరు అట్టా చెప్తాడేంది అని. మామ గంతులేస్తన్నాడు. దొంగ ప్రసంగాలకి ఏడ్చి ఒప్పుకుంటే పోనీలే అనుకున్నాం, ఆ ఏడుపులో కూడా అబద్ధమేనా, ఇట్టాంటోడు మనకొద్దంటన్నాడు. ఆదివారం మీటింగు."

దానియేలు మామ సంఘపెద్ద. ఆయన వద్దంటే వద్దే.

"తాగలేదని ఎవరు చెప్పారంట... అయ్యగారికి?" అన్నాను.

"అడిగితే నోరు విప్పలేదంట. తప్పు నాదే అన్నాడంట."

నేనేం చెయ్యనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతాడు. జనవరి నుంచి అడిగింది ఇదే.

మార్చి 20, గురువారం

ఎనిమిది నెలలు ముట్టలేదన్నది నిజం. తొమ్మిదో నెలలో ముట్టాడు.

జనవరి పదిహేడు పొద్దున డ్యూటీ సంచిలో టిఫిన్ డబ్బా పెడుతుంటే సీసా తగిలింది. ఎన్నాళ్ళ నుంచి అన్నాను. పది రోజులన్నాడు. "మళ్ళీ మానేస్తా ఏస్తేరూ, కోప్పడకు." నేను డబ్బా బయటికి తీసేశాను. "నువ్వు తిరిగి రాకపోయినా నాకేం బాధ లేదు పో" అన్నాను. సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళాడు.

డబ్బా తీశాను. సీసా తియ్యలేదు. అది ఆ సంచిలోనే ఉంది. చెయ్యి పెడితే తీసెయ్యగలిగేదాన్ని.

లారీ కేబిన్‌లో దొరికిన సీసాను ఎవరూ చూడకముందే కాలవలో పారేసింది షఫీక్. భూస్థాపన రోజే నాకు చెప్పాడు. అప్పటి నుంచి అతన్ని గేటు దాటనివ్వలేదు.

ఇన్నాళ్ళూ ఈ పుస్తకానికి కూడా అబద్ధం చెప్పాను.

మార్చి 23, ఆదివారం

ఆరాధన అయ్యాక తలుపులు దగ్గరగా వేసి మీటింగు పెట్టారు. అయ్యగారు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. సుశీల గారు తల ఎత్తలేదు. నిహారిక నా కొంగు పట్టుకుని పక్కనే ఉంది.

"విచారించా అన్నావు గదయ్యా. ఎవర్ని విచారించావు?" అన్నాడు దానియేలు మామ.

"తప్పు నాదే మామా."

"అది కాదయ్యా అడిగేది. పేరు చెప్పు!"

చెప్పలేదు. మామ పంచె సవరించుకుని లేచాడు. ఇంకో అయిదు నిమిషాలు నోరు మూసుకుంటే నా పగ నా చేతికి మట్టంటకుండా తీరిపోయేది. అయ్యగారు ఒక్కసారి నా వైపు చూసి ఉంటే, చెప్పు అన్నట్టుగా చూసి ఉంటే, నేను లేచేదాన్నే కాదు. చూడలేదు. చివరిదాకా నేల వైపే చూస్తూ కూర్చున్నారు.

"నన్ను విచారించాడు మామా," అన్నాను.

లేచినట్టు నాకే తెలియదు.

"అడిగాడు. రెండుసార్లు అడిగాడు. లేదని చెప్పా. ఇస్సాకు ఆ రోజు తాగాడు. సంచిలో సీసా నా చేతికి తగిలింది. నాకు తెలుసు."

నిహారిక నా కొంగు వదిలేసింది.

"కూర్చోమ్మా," అన్నాడు మామ.

"కూర్చోను. ఇంకా ఉంది. తాగినోడు పిల్లల బడి కాడ హారన్ కొట్టకుండా పోడా? తాగినోడికి పెళ్ళాం బిడ్డలు ఉండరా? పెట్టె కాడ ఈయన ఒక్క మాటే చెప్పాడు, అది నిజమే. కానీ ఆ ఒక్క మాటతో నా మొగుణ్ణి పూడ్చిపెట్టారు. మీ అందరికీ ఇస్సాకు తెలుసు. నీ ధాన్యం తోలాడు మామా. కొండమ్మా, నీ కోడలికి నొప్పులొస్తే లారీలో ఎక్కించుకు పోయాడు. ఈయనంటే కొత్తోడు. మీరు వింటూ కూర్చుని ఆమెన్ అన్నారే! ఒక్కడు, ఒక్కడన్నా, అది గాదయ్యా అని అనలేదే! అయ్యగారిని పంపిస్తే పంపించండి. ఆ రోజు ఆమెన్ అన్నోళ్ళందరూ లేచి ఆయన ఎనకాల పొండి."

ఎవరూ లేవలేదు. దానియేలు మామ తిరిగి కూర్చున్నాడు.

అయ్యగారు ఉంటారు. మూడు నెలలు వాక్యం చెప్పకూడదు, చదవడం వరకే. ఆయన దానికి తల ఊపారు. నాకు మూడు నెలలు ప్రభువు బల్లలో, ఆ రొట్టె ద్రాక్షరసంలో, పాలు లేదు. నేనూ తల ఊపాను.

మార్చి 24

నిహారిక మాట్లాడట్లేదు. స్టేటస్ తీసేసింది.

మార్చి 25

మాట్లాడలేదు.

మార్చి 27

కొండమ్మ అడిగింది, "అయితే అయ్యగారిని క్షమించినట్టేనా?" అని. లేదన్నాను. "మరి ఎందుకు కాపాడావే?" కాపాడలేదన్నాను. దానికి అర్థం కాలేదు. నాక్కూడా పూర్తిగా కాలేదు. పెట్టె పక్కన ఆయన గొంతు ఇప్పటికీ చెవిలో వినపడితే నా పిడికిలి బిగుస్తుంది. అదే గొంతు "చెప్పు, రాసుకుంటా" అన్నది కూడా వినపడుతోంది. ఏది ముందు వినపడుతుందో నా చేతిలో లేదు.

మార్చి 30, ఆదివారం

చర్చిలో అయ్యగారు ఒక అధ్యాయం చదివి కూర్చున్నారు. ఎక్కడా ఆగలేదు, కళ్ళజోడు తియ్యలేదు. పుస్తకం తీసుకెళ్ళాను గానీ తెరవలేదు.

ఇంటికొచ్చేసరికి నిహారిక లేదు. మధ్యాహ్నం ఎండలో వచ్చింది. షఫీక్ షెడ్డుకు వెళ్ళొచ్చిందట, ఒక్కతే. చెప్పులు విడిచి నా మిషను ఎదురుగా నేల మీద కూర్చుంది.

"సీసా సంగతి బాబాయ్ చెప్పాడు. నాకు ముందు చెప్పాల్సింది నువ్వు. చర్చి కంటే ముందు నాకు."

"అవును."

"ఇంకేమన్నా దాచావా?"

ఉంది. మీటింగులో చెప్పనిది ఉంది. మిషను దగ్గర నుంచి లేచి నిహారిక ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పాను. పది రోజులన్నాడని. కోప్పడకు అన్నాడని. డబ్బా తీసేశానని. తిరిగి రాకపోయినా బాధ లేదన్నానని. చెబుతుంటే సగం మాటలు ఏడుపులోనే పోయాయి. అది లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. నన్ను కొడుతుందని కూడా అనుకున్నాను.

మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని అలాగే కూర్చుంది. నేను ఆగాక మొహం తుడుచుకుని నా వైపు చూసింది.

"మళ్ళీ మొదట్నించి చెప్పమ్మా. ఏడవకుండా చెప్పు. నాకు సరిగ్గా వినపడలా."

చెప్పాను.